ఆషాఢంలో వచ్చిన ఆడపడుచు

ఆషాఢ శుద్ధ ద్వాదశి

పుల్లేటిలంక ఉప్పుగేటు. కాపలా వీరవేణి.

ఈ దినచర్యలో నీటిమట్టం, నీళ్ళలో ఉప్పు పాళ్ళు, గేటు తెరిచి ఉందా మూసి ఉందా అన్నది రాస్తే చాలని, మిగతా కబుర్లు వద్దని పోయిన ఏడాది పై ఆఫీసు వాళ్ళు కబురు పంపారు. నేను రాస్తూనే ఉన్నాను. వాళ్ళు చదవడం మానేశారు. ఇద్దరికీ హాయిగా ఉంది.

నిన్న తొలి ఏకాదశి. ఆనవాయితీ ప్రకారం పోటు వేళ గేటెత్తి, సముద్రంలోని ఇలస చేపల్ని లోపలికి వదిలాం. గోదాట్లో నాలుగు రోజులు ఎదురీదితే అవే పులసలవుతాయి. లోపలికొచ్చినంత మేర రానిచ్చి గేటు దించేశాను. ఇక నారు చేతికొచ్చేదాకా ఒక్క ఉప్పు చుక్క లోపలికి రాకూడదు. ఇవాళ లంకలో అందరూ తేలే మడుల మీద నారు పోస్తున్నారు. పూర్వం మనుషులు తాగి పారేసిన ప్లాస్టిక్ సీసాలన్నీ ఏరి కట్టిన తెప్పలవి. ఎంత దాహమో వాళ్ళకి, ఇన్ని తరాలు వాడుకున్నా సీసాలు తరగలేదు.

ఉదయం పని మామూలే. నీళ్ళ అడుగు చప్పుళ్ళు వినిపించే నీటి చెవిని తాడుతో దింపి గేటు అంచుల వెంట వింటాను. ఉప్పునీరు ఎక్కడ కారినా సన్నగా ఈల వేసినట్టు వినిపిస్తుంది. అక్కడ రబ్బరు మారుస్తాను. ఇవాళ గేటు బాగానే ఉంది, దాని చప్పుడు కానిది ఇంకోటి వినిపించింది. ఖాళీ డ్రమ్ములోకి ఎవరో పెద్దమనిషి తాపీగా ఊదుతున్నట్టు ఒక పొడుగాటి మూలుగు. ఆగి మళ్ళీ వచ్చింది. దానికి బదులు పలుకుతూ చిన్న మూలుగు ఇంకోటి. చెవి పాడైందనుకుని రెండుసార్లు తుడిచి చూశాను.

ఇంతలో మా మరిది త్రిమూర్తులు వచ్చాడు. లంకలోని చేపల బోనులన్నీ అతని చేతిలో ఉంటాయి, లంక కబుర్లన్నీ అతని నోట్లో ఉంటాయి. ఎండతో నడిచే తన ఎండపడవని ఎప్పుడూ బద్ధకంగా నడిపేవాడు నీళ్ళు ఎగజిమ్ముకుంటూ వచ్చాడు.

“వదినా, నిన్న ఇలసల ఎనకాల ఏటొచ్చిందో తెలుసా?”

“ఏదో మూలుగుతోంది. ఏంటది?”

“తిమింగలం. తల్లీ పిల్లా. పాత ఊరి వాటర్ ట్యాంకు కాడ తిరుగుతున్నాయి.”

పాత ఊరంటే మా తాతలు నేల మీద బతికినప్పటిది. సముద్రం పైకొచ్చాక ఊరు కిందికెళ్ళింది, మేం పైన తేలుతున్నాం. అప్పటి వాటర్ ట్యాంకు నెత్తి మాత్రం నీళ్ళలో ఒక బారు లోతున ఇంకా ఉంది. నేను వెళ్ళేసరికి పిల్ల దాని అంచుకి వీపు రుద్దుకుంటోంది. పిల్లంటే మా పడవకి రెండింతలుంది. తల్లి పక్కనే తేలి ఫూ అని ఊపిరి వదిలితే రేవులో అందరి మొహాలూ తడిశాయి.

అందరికంటే ముందు మా అత్త వరహాలమ్మ నిలబడి ఉంది. మా అత్త గురించి ఒక్క మాట చెప్పాలి. దారి అడగడానికి మా గుమ్మం ఎక్కినవాడు కూడా రెండు పూటలు తినకుండా దిగడు. సౌరపలకలు తుడవడానికొచ్చిన ఒకాయన్ని “రేపెళ్దువులే” అంటూ వారం ఆపేస్తే, అతని భార్య వెతుక్కుంటూ వచ్చింది. ఆవిడని ఇంకో వారం ఆపింది.

“ఆషాఢం కదా,” అంది అత్త, మొహం తుడుచుకోకుండా. “పిల్లని ఎంటేసుకుని పుట్టింటికొచ్చింది.”

అందరం నవ్వాం. అత్త నవ్వలేదు. ఆ మాట సరదాకి అనలేదని నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

ఆషాఢ పౌర్ణమి

సముద్రజీవుల శాఖలో మునీరా అని ఒకామె ఉంది, బందరు మనిషి. మొన్న రేడియోలో ఆమెకి చెప్పాను. తను వేరే చోట పనిలో ఉన్నానని, రావడానికి ఇంకో నాలుగైదు రోజులు పడుతుందని, ఈలోగా పౌర్ణమి పోటుకి గేటెత్తి చూడమని అంది. ఏకాదశి నాడు గాలి పోటుని ఎగదోయబట్టి లోపలికి రాగలిగాయి గానీ, గేటు గుమ్మం మీద అంత పెద్ద ఒళ్ళు దాటేంత లోతు మామూలుగా పౌర్ణమికీ అమావాస్యకీ వచ్చే పెద్ద పోటుకే దొరుకుతుంది. లోపల మేత తక్కువ గనక ఆకలేసి వాటంతటవే పోతాయంది.

గేటెత్తితే ఉప్పునీరు లోపలికొస్తుంది. నిన్ననే మొలకలు వేసిన నారు. అందుకని నిన్నే లంకంతా కలిసి మడుల్ని తాళ్ళతో ఎగువకి లాగాం. ఎండపడవలు ముందు, తెడ్లు వేసేవాళ్ళు పక్కన, ఈత వచ్చినవాళ్ళు వెనక నుంచి తోస్తూ. మా ఆయన అందరికీ ఒకే దరువు పాడతాడు, ఆ దరువు మీద లాగకపోతే తెప్పలు ఒకదాన్నొకటి కుమ్ముకుంటాయి. సాయంత్రానికి ఆయన గొంతు పోయింది. ఇంట్లో ప్రశాంతంగా ఉంది.

ఇవాళ ఉదయం పోటుకి గేటెత్తాను. సముద్రం లోపలికొచ్చింది. తల్లి గేటు దాకా వచ్చింది కూడా. గుమ్మం దగ్గర తల పెట్టి ఆ ఉప్పుని రుచి చూసినట్టు కాసేపు ఆగింది. అయితే అది నింపాదిగా వెనక్కి తిరిగి, పిల్లని తీసుకుని, మా రేవు దగ్గరికి వెళ్ళి నిలబడింది. బస్సు కోసం నిలబడినట్టు నిలబడింది. పోటు తీసేదాకా చూసి గేటు దించాను.

లాగడం ఆలస్యమైన నాలుగు మడుల్లో మొలకలు పసుపు తిరిగాయి. వాటిలో మళ్ళీ విత్తనం చల్లాలి. “ఇంకోసారి ఇలాగైతే ఈ ఏడు పక్క లంకలోళ్ళ గింజలు తిని బతకాల,” అని మా ఆయన చేత్తో సైగలు చేసి చెప్పాడు.

ఆషాఢ బహుళ తదియ

మునీరా వచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. పడవ దిగీ దిగకముందే నీళ్ళలోకి దూకి తల్లి పక్కన ఈది, పైకొచ్చి జుట్టు పిండుకుంటూ అడిగింది.

“వీటిని ఎవరు మేపుతున్నారు?”

రేవులో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా మబ్బులకేసి చూశారు.

“కడుపు చూస్తే తెలుస్తోందండీ. ఈ నీళ్ళలో దానికంత మేత లేదు. ఎవరో పెడుతున్నారు.”

“నేను ఒక్క బుట్ట కవళ్ళ చేపలు ఏశాను,” అన్నాడు త్రిమూర్తులు. ఒక్క బుట్టట. వెళ్ళి చూస్తే మూడు బోనులు ఖాళీ. ఆ తర్వాత ఒక్కొక్కరూ బయటపడ్డారు. పైవీధి వాళ్ళు పొద్దున పెడుతున్నారు. కిందివీధి వాళ్ళకి తెలిసి, మేమేం తక్కువా అని సాయంత్రం పెడుతున్నారు. పౌర్ణమి నాడు గేటెత్తి నేను ప్రాణాలు ఉగ్గబట్టుకుని చూస్తుంటే, వెనక రేవులో “ఎల్లేముందు కాస్త తినేసి ఎల్తాదిలే” అని బోను తలుపు తీశారట. తీసింది ఎవరని నేను అడగలేదు. మా అత్త కొంగుతో అరుగు తుడుస్తోంది, ఎన్నడూ లేనిది.

“అత్తా.”

“బాలింతే,” అంది అత్త, తల ఎత్తకుండా. “పాలు పడొద్దా? సొరచేప పిట్టు కూడా చేసి ఏశాను. తినలేదు. ఉప్పు తక్కువైందేమో.”

మునీరా నవ్వు ఆపుకోడానికి మొహం పక్కకి తిప్పుకుంది. తర్వాత అత్త పక్కన అరుగు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

“పెద్దమ్మా, పిల్ల వీపు చూశారా? తెల్లగా పొక్కులు లేస్తున్నాయి. మంచినీళ్ళు వాటి ఒంటికి పడవు. ఇంకో పది పదిహేను రోజులు ఓర్చుకుంటుంది. ఆ తర్వాత ఎగువ నుంచి ఎర్రనీరు దిగుతుంది. బురద, దుంగలు, ఆ వడి. ఆ కలకలంలో దానికి దారి తెలీదు. మీ లంకల లంగరు గొలుసులు ఇన్ని ఉన్నాయి కింద. పిల్ల వెళ్ళి గొలుసుల్లో పడితే తల్లి వదిలిపెట్టి పోదు. రెండూ పోతాయి.”

“మరి మొన్న తలుపు తీస్తే ఎందుకెల్లలేదు?”

“మీరు ఇంత బాగా చూసుకుంటుంటే ఎందుకెళ్తుంది?”

అత్త కొంగు ముడి విప్పి మళ్ళీ వేసుకుంది.

ఆషాఢ బహుళ అష్టమి

మేత బంద్. బోనులన్నిటికీ త్రిమూర్తుల చేత తాళాలు వేయించి, తాళంచెవులు నా దగ్గర పెట్టుకున్నాను. త్రిమూర్తుల్ని నమ్మకనే అని అతనితోనే చెప్పాను. “మంచిపని చేశావు వదినా,” అన్నాడు. పాపం నిజంగానే అన్నాడు.

తల్లి పొద్దునా సాయంత్రం టైముకి రేవుకొస్తోంది. నోరు తెరిచి నిలబడుతోంది. ఆ నోరు తెరిస్తే మా వంటిల్లు పడుతుంది. ఎవరూ ఏమీ వేయరు. కాసేపు చూసి, ఫూ అని పోతుంది. పైవీధి కిందివీధి ఆడవాళ్ళు తలుపులేసుకుని కూర్చుంటున్నారు. అప్పులవాళ్ళొచ్చినప్పుడు కూడా మా లంకలో ఇన్ని తలుపులు మూయడం నేను చూడలేదు.

ఇంట్లో ఇంకో గొడవ. అత్త అన్నం మానేసింది. మజ్జిగ తాగి పడుకుంటోంది.

“గుమ్మంలో ఆడపిల్ల నోరు తెరుచుకుని నిలబడితే నాకు ముద్దెలా దిగుద్దే?”

“నువ్వు తినకపోతే దాని కడుపు నిండుతుందా అత్తా?”

“నిండదు. నిండదని తెలుసు. తెలిస్తే మాత్రం ఆకలేస్తాదా?”

నాకు కోపం వచ్చింది. “దాన్ని చంపేది నువ్వే,” అన్నాను. అనేశాక నా నోరు నాకే చేదనిపించింది. అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. నేనూ మజ్జిగే తాగి పడుకున్నాను. మా ఆయన ఇద్దరి అన్నం తాను తిని, ఈ ఇంట్లో తనొక్కడికే బుద్ధి ఉందన్నాడు. గొంతు తిరిగొచ్చింది మరి.

పిల్ల ఒంటిమీద తెలుపు మెడ దాకా పాకింది.

ఆషాఢ బహుళ ద్వాదశి

మేత లేకపోయినా తల్లి కదలడం లేదు. మునీరా రోజూ గేటు వైపు వెళ్ళి నీళ్ళలో వేరే తిమింగలాల రికార్డు చప్పుడు పెడుతోంది, తల్లి అది వింటుంది, బదులు కూడా పలుకుతుంది, మా రేవే గతి అన్నట్టు తిరిగొస్తుంది. చప్పుళ్ళు చేసి తరిమితే అని నేనడిగాను. పిల్ల బెదిరి గొలుసుల వైపే పరిగెత్తొచ్చంది. ఎగువ నుంచి రేడియోలో కబురొచ్చింది. కొండల్లో గట్టిగా వానలు, శ్రావణ చవితికో పంచమికో ఎర్రనీరు మా దగ్గరుంటుంది.

మునీరా, నేను అరుగు మీద తలలు పట్టుకుని కూర్చుంటే అత్త లోపల్నుంచి వచ్చింది. అష్టమి తర్వాత నాతో మాట్లాడటం అదే మొదలు. నాతో కాదు, మునీరాతో.

“అమ్మాయ్, ఆడపిల్లని ఎల్లు ఎల్లు అంటే ఎల్తాదా? సారె కట్టాల. సారె పడవ ముందు నడిస్తే పిల్ల ఎనకాల నడుస్తాది. మా లంకలో అత్తారింటికి పంపడం అంటే అంతే.”

మునీరా చాలాసేపు ఆలోచించింది. “బోను నిండా చేపలతో పడవ ముందు వెళ్ళడం. కొంచెం కొంచెం వదులుతూ గేటు దాటించి, బయట దాని జాతి తిరిగే చోటికి. చేయొచ్చు. ఈ స్థితిలో అదే చేయాలి కూడా. కానీ ఒక మెలిక ఉంది పెద్దమ్మా. బయటికెళ్ళాక అది పడవల్ని మేత అనుకుంటే రేపు గేటు దగ్గరికి మళ్ళీ వస్తుంది. లేదా ఏ ఓడ దగ్గరికో వెళ్ళి దాని కింద పడుతుంది. అందుకని చివరి చేప అయిపోయాక పడవ దగ్గరికొస్తే చప్పుడు చేసి దాన్ని బెదరగొట్టాలి. అక్కడ లోతూ చోటూ ఉంటుంది, పిల్లకి భయం లేదు. మనిషంటే భయం పుట్టి పోవాలి.”

“సారె పెట్టి బెదరగొట్టాలా?”

“బెదరగొట్టాలి.”

అత్త గోదారికేసి చూస్తూ నిలబడింది. “సారె నేనే తీసుకెల్తాను,” అంది చివరికి. “ఎప్పుడు?”

“అమావాస్యకి పెద్ద పోటు.”

“అమావాస్య నాడు ఆడపిల్లని పంపితే ఊరు నవ్వుద్ది. శ్రావణం రానీ. విదియ నాడు పంపుదాం.”

మునీరా తన పలక మీద పోట్ల లెక్క చూసింది. “విదియకీ సరిపోతుంది. పోటు ఇంకా పెద్దగానే ఉంటుంది.”

సాయంత్రం లంకంతా కూర్చున్నాం. నారు ఇప్పుడు జానెడుంది. మళ్ళీ లాగాలి, ఈసారి ఒక్క మడి వెనకబడినా అది పోయినట్టే. మళ్ళీ చల్లడానికి రోజులు లేవు. గేటు నాది గనక ఎత్తమంటారా వద్దా అని నేనే అడగాలి. అడిగాను. కిందివీధి పెద్దాయన లేచి, “సారెలోకి మా వాటా ఎన్ని బుట్టలు?” అన్నాడు. పైవీధి వాళ్ళు అంతకి రెండు ఎక్కువ అన్నారు. ఇక నారు సంగతి ఎవరికీ గుర్తులేదు. వీళ్ళతో పడలేక చస్తున్నానుగానీ, వీళ్ళని వదిలి ఇంకో లంకలో నేను ఒక్క రోజు ఉండలేను.

శ్రావణ శుద్ధ విదియ

మడులన్నీ నిన్న సాయంత్రానికే ఎగువకి చేరాయి. ఒక్కటీ వెనకబడలేదు.

పడవలో అత్తతో ఎవరుండాలన్నది తేలడానికి పొద్దున కొంచెం గొడవైంది. త్రిమూర్తులు తనే వస్తానన్నాడు.

“నువ్వొద్దు. నే వద్దన్నా ఇంకో బుట్ట ఏస్తావు,” అంది అత్త. తర్వాత నా వైపు తిరిగింది. “ఇదుండాల. దీనికి జాలి లేదు.”

ఇన్నాళ్ళకి మాట్లాడితే ఆ మాట. అయినా నాకు ప్రాణం లేచొచ్చింది. గేటు మీట మునీరా చేతిలో పెట్టాను. నేను ఈ పనిలో చేరాక దాన్ని ఇంకొకరు ముట్టుకోవడం ఇదే. ఎలా తిప్పాలో మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి చెప్పబోతే, “అక్కా, పోటు దాటిపోతోంది,” అంది.

అత్త పట్టుచీర కట్టింది. పసుపు కుంకాలు నీళ్ళలో వేయకూడదని మునీరా చెప్పింది గనక పడవ ముక్కుకి బొట్టు పెట్టింది. పడవకి పక్కన వల బోను కట్టాం, లంక మొత్తం వాటాలతో కిక్కిరిసి వెండిలా మెరుస్తోంది. రేవులో అత్త బోను మూత కాస్త తీసి మొదటి చేపలు వదిలింది.

“రామ్మా. ఎల్దాం.”

వచ్చింది. ఇన్నాళ్ళ ఆకలి మీద నీళ్ళు చీల్చుకుంటూ వచ్చింది, పిల్ల దాని పక్కకి అంటుకుని. నేను నెమ్మదిగా నడిపాను. పాత ఊరి ట్యాంకు దాటాం, లంగరు గొలుసుల సందు దాటాం. గేటు పైకి లేచి ఉంది. పోటు నిలిచి, ఆటు మొదలవుతోంది. గుమ్మం మీద తల్లి ఆగింది. పౌర్ణమి నాడు ఆగిన చోటే. అత్త బోనులో చెయ్యి పెట్టి ఒక దోసెడు ముందుకి విసిరింది. తల్లి గుమ్మం దాటింది. పిల్ల వీపు గేటు కింద నుంచి పోతుంటే పైనుంచి మునీరా ఏదో అరిచింది. నాకు మాట వినపడలేదు, సంతోషం వినపడింది.

బయట అలలు పెద్దవి. ఒడ్డు సన్నటి గీత అయ్యేదాకా వెళ్ళాం. అక్కడ నీళ్ళు నీలంగా ఉన్నాయి. దూరంగా ఇంకో మూడు చోట్ల ఊపిరి తుంపర లేచింది. మా తల్లి అది విని మూలిగింది. పడవ చెక్కలన్నీ జిల్లుమన్నాయి. అత్త బోను తలుపు మొత్తం తీసేసింది.

తిని, అది అటు వెళ్ళలేదు. తిరిగి మా పక్కకొచ్చింది. నోరు తెరిచి, అలవాటుగా, పడవకి చేయి చాచేంత దూరంలో నిలబడింది. పిల్ల దాని వెనక. దాని ఒంటి తెలుపు ఎండలో స్పష్టంగా కనిపిస్తోంది.

నేను తెడ్డు తీసుకున్నాను. “నువ్వు అటు తిరుగు అత్తా, నేను కొడతాను.”

“ఇటివ్వు.”

“నీ వల్ల కాదు.”

“పెట్టిన చెయ్యే కొట్టాల. నువ్వు కొడితే నీ మీద అలిగి, నాకోసం మళ్ళీ వస్తాది.”

తెడ్డు తీసుకుంది. దాని కంట్లోకి చూసింది. ఆ కన్ను మా అత్త పిడికిలంత ఉంది. చూస్తూ చూస్తూ తెడ్డెత్తి పడవ అంచు మీద ఠపీమని కొట్టింది. అది ఉలిక్కిపడింది. రెండోసారి కొట్టింది. మూడోసారి నీళ్ళ మీద, దాని మూతి ముందరే కొట్టింది. పెద్ద అల లేచి ఇద్దరినీ తడిపేసింది. కళ్ళు తుడుచుకుని చూసేసరికి తల్లీ పిల్లా దూరంగా ఉన్నాయి.

“మళ్ళీ రాకమ్మా,” అంది అత్త. గట్టిగానే అంది. “మా ఇంటికి రాకు. ఎప్పుడూ రాకు.”

ఇంటికొచ్చినవాళ్ళని రావద్దనడం మా అత్త నోట నేను ఎన్నడూ వినలేదు, అంటానని ఆవిడా అనుకోలేదు. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. పట్టుచీర నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఏడుస్తోందో తడో తెలియలేదు, నేనైతే ఏడుస్తున్నాను.

“తిప్పనా అత్తా?”

“ఉండు. ఎనక్కి చూస్తాదేమో.”

ఉన్నాను. రెండు తుంపరలు ఆ మూడు తుంపరల దగ్గరికి వెళ్ళాయి. కలిసి అయిదయ్యాయి. కాసేపటికి ఏది మాదో తెలియలేదు.

“చూసిందా?” అంది అత్త. “నాకు అంత దూరం కనపడదు.”

“లేదు. చూడలేదు.”

“ఒక్కసారన్నా?”

“ఒక్కసారి కూడా చూడలేదు అత్తా.”

“బతుకుద్ది,” అంది. “ఇక తిప్పు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు నువ్వు.”